బయటివాళ్లంటే ఎవరు? విశాఖ అపార్ట్‌మెంట్ సంఘాలకు ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల ప్రెసిడెంట్లకు, సెక్రటరీలకు, కమిటీ సభ్యులకు,

నమస్కారం.

నేను మధురవాడ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. బ్యాంకు లోను పెట్టి కొనుక్కున్న ఫ్లాటు. గృహప్రవేశం అయి ఏడాదిన్నర. పోయిన నెల మా అసోసియేషన్ వాళ్లు జాయింట్ సెక్రటరీగా ఉండమంటే సరేనన్నాను. వారం తిరక్కుండానే ఒక నోటీసు చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. నాలుగు లైన్లే. పనిమనుషులు, డెలివరీ కుర్రాళ్లు, వాచ్‌మన్ కుటుంబ సభ్యులు, ఇతర బయటివాళ్లు లిఫ్టు వాడకూడదు, వాడితే సంబంధిత ఫ్లాటు వారికి 200 రూపాయలు ఫైను.

ఇది మా ఒక్క అపార్ట్‌మెంట్ సంగతే అయితే మా మీటింగులోనే మాట్లాడి ఊరుకునేదాన్ని. ఇలాంటి కాగితం నేను ఎంవీపీ కాలనీలో చూశాను, సీతమ్మధారలో చూశాను, కొమ్మాదిలో చూశాను. లిఫ్టు తలుపు పక్కన సెల్లోటేపుతో అంటించి, చుట్టూ నలుపు గీత గీసి ఉంటుంది. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ కాగితం చదవగానే నాకు మా అయ్య మోకాళ్లు గుర్తొచ్చాయి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2002లో నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అయ్య, అమ్మ నన్నూ తమ్ముణ్నీ తీసుకుని విశాఖ వచ్చేశారు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని. సెల్లార్‌లో మోటారు గది పక్కన మాకో గది ఇచ్చారు. గోడకి ఒక పక్క మేము, ఒక పక్క మోటారు. తెల్లవారుజామున నాలుగింటికి అయ్య లేచి మోటారు వేస్తే గోడంతా వణికేది, గోడకి తగిలించిన పళ్లెం గలగలమనేది. అదే మాకు అలారం. ఆ తర్వాత కార్లు కడగడం, పాల ప్యాకెట్లు, పేపర్లు పైకి చేర్చడం, చెత్త దింపడం, గ్యాస్ బండ వస్తే మోయడం. లిఫ్టు ఉంది. కానీ వాడకూడదు. నిండు గ్యాస్ బండ అంటే సుమారు 30 కిలోలు. ఆ బరువు భుజాన వేసుకుని మా అయ్య ఐదో అంతస్తు వరకు మెట్లెక్కడం నేను ఎన్నోసార్లు చూశాను. మూడో అంతస్తు మలుపులో బండ దించి, గోడకి చెయ్యి ఆనించి నిలబడేవాడు. అక్కడ గోడ మీద సున్నం అరిగిపోయి అరచేయంత మచ్చ పడింది. ఆ మచ్చ ఎందుకు పడిందో ఆ బిల్డింగులో మా ఇంట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

అక్కడ మేము పన్నెండేళ్లకి పైగా ఉన్నాం. మా అయ్య పేరు తెలిసినవాళ్లు ఆ ఇరవై ఫ్లాట్లలో ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లందరికీ ఆయన 'వాచ్‌మన్'. మా అమ్మ 'వాచ్‌మన్ పెళ్లాం'. నేను 'వాచ్‌మన్ గుంట'. జమాఖర్చుల పుస్తకంలో కూడా అంతే, కరెంటు బిల్లు ఇంత, లిఫ్టు సర్వీసు ఇంత, వాచ్‌మన్ ఇంత.

అందరూ చెడ్డవాళ్లని నేను అనడం లేదు. నాకు పుస్తకాలిచ్చిన మాస్టారు ఆ బిల్డింగులోనే ఉండేవారు. సంక్రాంతికి మాకు కొత్త బట్టలు పెట్టిన అమ్మగారూ అక్కడే ఉండేవారు. కానీ ఆ అమ్మగారికి కూడా మా అమ్మ లిఫ్టెక్కితే నచ్చేది కాదు. పక్కింటివాళ్లు ఏమంటారోనని భయం. ఒక్కొక్కరిని విడిగా చూస్తే మంచివాళ్లే. అందరూ కలిసి కమిటీగా కూర్చున్నప్పుడే ఎవరికీ ఇష్టం లేని రూలు కూడా పాసైపోతుంది. నేను మనుషులకి కాకుండా కమిటీలకి రాయడానికి కారణం ఇదే.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఐదు ఫ్లాట్లలో పాచిపని చేసేది. పొద్దున్న ఆరున్నరకి మొదలుపెడితే ఒంటిగంట దాటేది. అన్ని ఇళ్లలోనూ బాత్‌రూములు కడిగేది, ఒక్క ఇంట్లో కూడా వాడుకోనిచ్చేవాళ్లు కాదు. అడగడానికి ఆవిడకి సిగ్గు. సెల్లార్‌లో మాకున్నది తలుపు సరిగ్గా పడని దొడ్డి, డ్రైవర్లూ అదే వాడేవారు. అందుకని మంచినీళ్లు తాగడమే మానేసింది. మాది ఉద్దానం అని చెప్పాను కదా, కిడ్నీ జబ్బు పేరు చెబితే మా ఊళ్లో వణుకు. మా పెదనాన్న దాంతోనే పోయాడు. అమ్మకి మూత్రంలో మంట వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగమన్నాడు. బయటికొచ్చాక అమ్మ నాతో అన్నమాట ఇప్పటికీ మరవలేను. "తాగితే ఎక్కడికెల్తానే?"

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆడవాళ్లు ఏడుగురు. వాళ్లు ఎక్కడికి వెళ్తారని పోయిన వారం అడిగాను. ఒకావిడ నవ్వి ఊరుకుంది. ఇంకొకావిడ, ఎదురుగా కడుతున్న బిల్డింగు వెనక్కి అంది.

సరే, ఈ 'బయటివాళ్లు' అనే మాట దగ్గరికి వస్తాను. విశాఖపట్నంలో కూర్చుని మనం ఈ మాట రాయగలమా?

1901 జనాభా లెక్కల నాటికి ఈ ఊళ్లో ఉన్నది 40 వేల పైచిలుకు మనుషులు. 2011 నాటికి 17 లక్షలు దాటాం. అంతమంది ఎక్కడినుంచి వచ్చారు? 1933లో పోర్టు తెరిచాక కూలి కోసం వచ్చినవాళ్లు, 1941లో షిప్‌యార్డుకి పునాది పడ్డాక వచ్చినవాళ్లు, ఆ తర్వాత రిఫైనరీకి, నేవీకి, ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చినవాళ్లు. గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, కేరళ నుంచి వచ్చారు. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లమైతే లెక్కే లేదు. మీ కమిటీలో ఉన్నవాళ్లని ఒకసారి అడిగి చూడండి, తాతగారు పుట్టింది ఈ ఊళ్లోనే అని ఎంతమంది చెప్పగలరో.

అసలు ఇక్కడివాళ్ల సంగతి వేరే ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాల వాళ్లు భూములిచ్చారు. 1966 ఉద్యమంలో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని గొంతెత్తినవాళ్లకి విగ్రహాలున్నాయి, పాటలున్నాయి, ఉండాలి కూడా. కానీ తాతముత్తాతల నాటి పొలం వదులుకుని, చేతిలో ఆర్ కార్డు, అంటే పునరావాస కార్డు, పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాల పాటు తిరిగినవాళ్లకి సొంత గడ్డ మీదే నిర్వాసితులు అనే పేరు మిగిలింది. ఇప్పుడు వాళ్ల పిల్లలు మన గేటు దగ్గరికి సెక్యూరిటీ డ్యూటీకో, కేబులు పనికో వస్తే, రిజిస్టర్‌లో సంతకం పెట్టి మెట్లెక్కాలి.

ఇంకో మాట. మా మామ్మ వాళ్ల నాన్న 'రంగం' వెళ్లాడు. రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల నుంచి స్టీమరెక్కి లక్షలమంది తెలుగువాళ్లు బర్మా పోయారు. రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, పాకీ పని చేశారు, వరి మిల్లుల్లో ధూళి పీల్చారు. అక్కడివాళ్లు వాళ్లని పేరు పెట్టి పిలిచేవారు కాదు. అందరినీ కలిపి 'కొరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్లని ఆ మాటకి అర్థం. అదే తిట్టయి కూర్చుంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మావాళ్లని పనిలో పెట్టారు, సమ్మె తీరాక ఆ బర్మావాళ్లని పొమ్మన్నారు. ఆ గొడవ ముదిరి తెలుగువాళ్ల మీద పడి నరికారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవుల వెంట, కొండల వెంట నడిచి వచ్చినవాళ్లలో ఎంతోమంది దారిలోనే రాలిపోయారు. మా ముత్తాత తిరిగి రాలేదు. 1960లలో బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లకి ఇదే ఊరు చోటిచ్చింది. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపుకి ఆ పేరు అలా వచ్చిందే.

మనల్ని 'బయటివాళ్లు' అని తరిమితే ఎలా ఉంటుందో ఈ తీరానికి బాగా తెలుసు. తెలిసిన ఊరు కనుకే ఈ మాట ఇక్కడ లిఫ్టు తలుపు పక్కన కనిపిస్తే నాకు మరీ బాధ.

లిఫ్టు కంటే లోతుగా దిగేది ఇంకొకటుంది, అది మాట. బడిలో చేరిన మొదటి వారం టీచరు ఏదో లెక్క అడిగితే, లేచి నిలబడి "నానెరగనండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వింది. ఆ రోజు నుంచి నేను రాత్రిపూట దుప్పటి కప్పుకుని మాటలు దిద్దుకునేదాన్ని. 'ఏటి' కాదు 'ఏంటి'. 'ఎల్తాను' కాదు 'వెళ్తాను'. 'బేగి రా' కాదు 'త్వరగా రా'. ఏడో తరగతికి వచ్చేసరికి నా మాటలో శ్రీకాకుళం ఆనవాలు లేకుండా చేసుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. వేసవి సెలవులకి ఊరెళ్తే మా మామ్మ నా మాట విని, "ఓలమ్మ, ఇది మన పిల్ల కాదే" అంది. ఉద్యోగంలో చేరాక కూడా అమ్మ ఫోను చేస్తే మెట్ల దగ్గరికి వెళ్లి మాట్లాడేదాన్ని, పక్క సీట్లవాళ్లకి నా అసలు మాట వినపడకూడదని. ఇరవై ఏళ్లు అలా దాచుకున్నాను. కలిసిపోవడం అంటే మనిషి తన ఇంటి మాటను మెట్ల కింద దాచుకోవడమేనా?

ఏటా ఆగస్టు 29న మీ కమ్యూనిటీ హాళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన మా శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టారు. జనం మాట్లాడే మాటనే రాతలోకి తేవాలని జీవితమంతా కొట్లాడారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం వాచకాలు రాశారు. కొండ మీది మనుషుల మాట నేర్చుకోవడానికి ఆయన పడ్డ కష్టంలో వందో వంతు కూడా మనం పడక్కర్లేదు. మన గేటు దగ్గరికి వచ్చిన కొండపిల్లల్ని మర్యాదగా పలకరిస్తే చాలు.

ఈ మాట ఊరికే అనలేదు. రెండు నెలల కిందట మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు అద్దెకి చూడటానికి ఇద్దరమ్మాయిలు వచ్చారు. పాడేరు వైపు వాళ్లు, నర్సింగు పూర్తిచేసి ఉద్యోగంలో చేరినవాళ్లు. ఫ్లాటు ఓనరు బెంగళూరులో ఉంటాడు, ఆయనకి అభ్యంతరం లేదు. కమిటీ పెద్దాయన వాళ్లని కింద కుర్చీలో కూర్చోబెట్టి, "మీరేవిట్లమ్మా?" అని కులం అడిగారు. ఒకమ్మాయి కాసేపు ఆగి తమ గిరిజన తెగ పేరు చెప్పింది, "కొండదొరలమండి" అని. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. మాట మాత్రం మారింది. "బ్యాచిలర్స్‌కి ఇవ్వడం లేదమ్మా, కమిటీ రూలు." అదే బిల్డింగులో రెండో అంతస్తులో నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లుంటున్నారు. ఆ అమ్మాయిలు లేచి, కుర్చీలు మళ్లీ గోడ వారకి జరిపి, నమస్కారం పెట్టి వెళ్లారు. నేను అక్కడే లెటర్‌బాక్సు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం నిజానికి ఆ రాత్రే మొదలైంది.

చట్టం చూపించి మిమ్మల్ని భయపెట్టే ఉద్దేశం నాకు లేదు. దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణంలో ఉంది. కానీ మన గేటు లోపలికి వచ్చేసరికి చట్టం కాస్త పలచబడుతుంది. 2005లో ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమ మతంవాళ్లకే సభ్యత్వం అని బైలాల్లో రాసుకోవడాన్ని సుప్రీంకోర్టు కూడా తప్పుపట్టలేదు. అంచేత మనల్ని ఎవరూ బలవంతపెట్టరు. మనకి మనమే మార్చుకోవాలి. మన కమిటీల్లో చేతులెత్తితే ఒక్క ఆదివారం సాయంత్రంలో అయిపోయే పని.

మీ భయాలు నాకు తెలియనివి కావు. దొంగతనాలు అంటారు. రిజిస్టరు పెట్టండి, కెమెరాలు పెట్టండి, ఎవరు వచ్చారో ఎవరింటికి వచ్చారో రాయించండి, అందులో తప్పేమీ లేదు. కానీ అనుమానం ముందు ఎవరి మీదికి పోతుందో నేను చూసినదాన్ని. ఒక ఫ్లాట్‌లో వెండి గ్లాసు కనపడకపోతే మా రేకుపెట్టె సెల్లార్‌లో అందరి ముందు తెరిపించారు. అమ్మ చీరలు, నా స్కూలు యూనిఫాం, అయ్య దాచుకున్న చీటీ పుస్తకం, అన్నీ నేల మీద పరిచారు. నాలుగు రోజులకి ఆ గ్లాసు వాళ్ల పూజ అలమరా వెనకాలే దొరికింది. ఆ సంగతి చెప్పడానికి కిందికి ఎవరూ రాలేదు. ఇంకో పనిమనిషి ద్వారా మాకు తెలిసింది. లిఫ్టు పాడవుతుంది అంటారు. మా లిఫ్టులో రేకు మీద ఉన్నది '6 మంది, 408 కిలోలు' అని. ఆ ఆరుగురు ఎవరై ఉండాలో లిఫ్టు కంపెనీ రాయలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేమింకా ఆ సెల్లార్‌లోనే ఉన్నాం. రోజుల తరబడి కరెంటు లేదు. లిఫ్టు లేదు, మోటారు లేదు. ఐదో అంతస్తు దొరగారూ మెట్లే, మా అయ్యా మెట్లే. అయ్య, తమ్ముడు బకెట్లతో నీళ్లు మోస్తుంటే, పై అంతస్తులవాళ్లు మెట్ల మీద వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నారు. రాత్రిళ్లు అందరూ సెల్లార్‌లో మా గది ముందు చాపలేసుకుని కూర్చున్నారు. మా అమ్మ పొయ్యి మీద కాచిన టీ అందరూ తాగారు. అప్పుడే ఒకాయన మా అయ్యని మొదటిసారి పేరు అడిగారు. కరెంటొచ్చాక మళ్లీ పాత నోటీసే. కానీ ఆ పది రోజులు నేను కళ్లారా చూశాను కనుకే మనవాళ్ల మీద నాకు ఆశ పోలేదు. మళ్లీ నాలుగేళ్లకి, 2018 అక్టోబరు 11న తిత్లీ మా ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది, అన్నాళ్లు కడుపు ఆగదు కదా. ఆ ఏడాది మా ఊరి నుంచి కుటుంబాలకి కుటుంబాలే విశాఖ రైలెక్కాయి. మీ గేట్ల దగ్గర ఇప్పుడు కూర్చున్నవాళ్లలో కొందరు వాళ్లే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. లిఫ్టు అందరికీ ఒకటే అని తీర్మానం చేసి, ఆ కాగితం చింపేయండి. కింద అంతస్తులో ఆడవాళ్లకి విడిగా గడియ, నీళ్లు, వెలుతురు ఉన్న ఒక బాత్‌రూము కట్టించండి. మా బిల్డింగులో లెక్క వేయిస్తే ఫ్లాటుకి మూడు నెలల మెయింటెనెన్స్ అంత కూడా కాలేదు. వాచ్‌మన్‌కి వారానికో రోజు సెలవివ్వండి, ఆ రోజు మోటారు మనలో ఒకరం వేసుకుందాం. జమాఖర్చుల పుస్తకంలో ఆయన పేరు రాయండి. అద్దెకొచ్చినవాళ్లని ఉద్యోగం అడగండి, ఆధార్ అడగండి, అడ్వాన్సు అడగండి. 'మీరేవిట్లు' అని మాత్రం అడగకండి. ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చి మన బిల్డింగులకి రంగులేసే కుర్రాళ్లకి కూడా ఇవన్నీ వర్తించాలి. వాళ్లకి తెలుగు రాదు, అందుకని తిట్టినా అర్థం కాదనుకుంటారు చాలామంది. రంగంలో మా ముత్తాతకి బర్మా భాష రాదు. కానీ కొరంగీ అన్నప్పుడు అర్థమైందట.

మా అయ్యకి ఇప్పుడు అరవై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి. ఊళ్లో ఉంటున్నాడు. గృహప్రవేశానికి వచ్చినప్పుడు, అందరం లిఫ్టు దగ్గర నిలబడి ఉండగా ఆయన కనపడలేదు. చూస్తే మెట్ల దగ్గర ఉన్నాడు, రెయిలింగు పట్టుకుని అప్పటికే నాలుగు మెట్లెక్కేశాడు. "అయ్యా, ఇది మన ఇల్లే, లిఫ్టులో రా" అన్నాను. "పర్లేదులేవే, నాకు అలవాటే. ఎవరన్నా చూస్తే ఏటంటారో" అన్నాడు. నా పేరు మీద రిజిస్టరైన ఇంటికి మా అయ్య నాలుగు అంతస్తులు మెట్లెక్కే వచ్చాడు. నేనూ ఆయన పక్కనే ఎక్కాను. మూడో అంతస్తు మలుపులో ఆగి గోడకి చెయ్యి ఆనించాడు.

వచ్చే నెల మోకాళ్లు చూపించుకోవడానికి అయ్య, అమ్మ మా ఇంటికి వస్తున్నారు. అంతకుముందు ఆదివారమే మా మీటింగు. ఆ నోటీసు ఇంకా నా దగ్గరే ఉంది. నేను సంతకం పెట్టలేదు, పెట్టను. దాని బదులు పైన రాసినవన్నీ తీర్మానంగా రాసి పట్టుకెళ్తున్నాను. మీ అసోసియేషన్ తర్వాతి మీటింగు ఎప్పుడో చూసుకుని, అక్కడ కూడా ఇవి చదవమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మధురవాడ నుంచి ఒక ఫ్లాటు యజమాని,
ఒక వాచ్‌మన్ కూతురు